రాతికొండ పులుపు మొర్రి

ఇలా నా పక్కకి జరుగు కన్నా. కాళ్ళు లాగేస్తున్నాయి, మెల్లిగా చెప్తా. నువ్వు ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా, ఆనక నా తప్పు లేదు.

అనగనగా ఒక కొండకింది ఊళ్ళో ఈదమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆ ఊరికి మొర్రిచెట్లే ఆధారం. పండ్లు తినేవాళ్ళు, గింజ కొట్టి సారపప్పు తీసి సంతలో అమ్ముకునేవాళ్ళు.

ఆ చెట్లలో ఒకదాని పండు బెల్లమే అనుకో. దానికి పసుపు రాసి పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. మొక్క నాటాలంటే పెద్దమ్మ గింజే నాటాలి, ఇంకో చెట్టుది నాటితే తప్పు. తాతల నాటి నుంచీ అంతే.

అప్పుడు ఎండలు ముదిరాయి. ముసలి చెట్లు ఒక్కొక్కటే మోడైపోయాయి. ఈదమ్మ పెద్దమ్మ గింజలు నాటింది, వేసవికి మాడిపోయాయి. మరుసటేడు మళ్ళీ నాటి, వాగు నుంచి కడవతో నీళ్ళు మోసింది. అవీ మాడిపోయాయి. "ఇక నా వల్ల కాదు తల్లీ!" అని కూలబడి ఏడ్చింది పాపం. చెట్లు పోతే ఊరెక్కడిది?

ఆ తర్వాత నీరజ అని చెట్ల చదువు చదివిన పిల్ల వచ్చింది. ప్రతి చెట్టు ఆకూ కోసుకెళ్ళి, మనకి రక్తం చూసినట్టు పరీక్ష చేయించింది.

"అవ్వా, మీరు నాటేవన్నీ ఒక్క తల్లి బిడ్డలే. ఒకటి ఓర్వలేని ఎండకి అన్నీ పడిపోతున్నాయి. రాతికొండ మీద గిడసబారిన పులుపు మొర్రి ఉందే, అది ఆ ఎండలోనే తరతరాలు బతికింది. దాని గింజ తే. ఇంకా వేరే కొండల మీది చెట్లవీ తెచ్చి కలిపి నాటు," అంది.

"ఆ పులుపు ముండ గింజా! పెద్దమ్మ ఊరుకుంటుందా?" అని ఈదమ్మ లేచింది. కానీ ఇంకో దారేదీ?

అప్పుడు ఆ గింజల కోసం రాతికొండతో కలిపి మూడు కొండలెక్కింది. మోకాళ్ళు పట్టేస్తుంటే తిట్టుకుంటూనే ఎక్కింది. పెద్దమ్మ గింజలు కూడా కలిపి మూడోసారి నాటింది, నీళ్ళు మోసింది.

వేసవి పోయింది. పెద్దమ్మ బిడ్డ ఒక్కటీ మిగల్లేదు. ఈదమ్మకి ఎంత దుఃఖం వచ్చిందనీ! కానీ మిగతావాటిలో సగం పచ్చగా నిలిచాయి. రాతికొండవే ఎక్కువ.

ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, "ఇవన్నీ పులుపు కాయలే కాస్తాయేమో అవ్వా," అని మూతి విరిచారు.

"పులుపైతే ఉప్పద్దుకు తినండి! తినడానికి చెట్టంటూ ఉంది కదా!" అని కసిరింది. కడవ బోర్లించి, ఆ మొక్కల మధ్యనే కొంగు పరుచుకుని పడుకుంది.

కథేమో కంచికి,
కాళ్ళేమో మంచానికి,
నువ్వూ నేనూ నిద్దరింటికి.