మగ్గం గుంటలో ఊరిన నీళ్ళు

చేనేతకు పేరుపడ్డ ఒక ఊళ్ళో హైమ అనే డిగ్రీ విద్యార్థిని ఉండేది. కాలేజీ మొత్తంలో ఆమె అంత తెలివైన పిల్లా లేదు, ఆమె అంత బద్ధకస్తురాలూ లేదు.

ఒకసారి తెలుగు లెక్చరర్ రామకోటి గారు క్లాసుకు ఒక పని ఇచ్చారు. నేతపని చేసే ఇంటికి వెళ్ళి, చూసి, పది పేజీలు రాయాలి. రాసింది ఆ ఇంటివాళ్ళకు చదివి వినిపించి, 'ఇది మా సంగతే' అని సంతకం తేవాలి. బాగా రాసినవాళ్ళను రాష్ట్రస్థాయి పోటీకి పంపుతారు. హైమకు ఆ పోటీ అంటే ప్రాణం.

ఆశ కొండంత, ఒళ్ళు మాత్రం వంగదు! ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో ఎవరిదో వ్యాసం పట్టుకుంది. అక్కడొక మాట, ఇక్కడొక మాట మార్చి తన పేరు రాసుకుంది. అది చదివి రామకోటి గారు మురిసిపోయారు.

"పోటీకి నువ్వేనమ్మా! సంతకం ఒక్కటీ తెచ్చెయ్" అన్నారు.

హైమ మగ్గం నేసే సత్యవతమ్మ ఇంటికి వెళ్ళి గడగడా చదివింది. 'వానాకాలం నేతగాళ్ళకు పండగ' అన్నచోట సత్యవతమ్మ ఆపింది.

"పండగేంటి తల్లీ? వానొస్తే మగ్గం గుంటలో నీళ్ళూరతాయి. కాళ్ళు పెట్టి మగ్గం తొక్కడానికి ఉండదు. పోయినేడు పన్నెండు రోజులు గంజి తాగి పడుకున్నాం."

హైమ మిగతా పేజీలు చదవకుండానే మూసేసింది. సత్యవతమ్మకే జాలేసింది.

"సర్లే, చదువుకునే పిల్లవి. ఇలా తే, సంతకం పెట్టేస్తా."

హైమ కాగితాలు వెనక్కి లాక్కుంది.

"వద్దు పిన్నీ. ఇది నేను రాసింది కాదు."

మర్నాడు క్లాసులో అందరి ముందూ లేచి నిలబడింది.

"అది దొంగిలించిన వ్యాసం సార్. నన్ను పోటీకి పంపొద్దు."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. రామకోటి గారు ఆమె పేరు కొట్టేసి సున్నా వేశారు. ఎవరికీ దొరక్కుండానే తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! నాకైతే ఆ పిల్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మార్కులు రావని తెలిసీ హైమ మూడు వారాలు సత్యవతమ్మ ఇంటికి తిరిగింది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంది. చూసిందే రాసింది. ఒకరు చెప్పిన మాట దగ్గర వాళ్ళ పేరు, పుస్తకంలోంచి తీసుకున్నచోట ఆ పుస్తకం పేరు రాసింది.

ఆ పేజీలు వింటూ సత్యవతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా బతుకు మాలాగే చెప్పావే!" అని అడక్కుండానే సంతకం చేసింది. ఏ పోటీకీ వెళ్ళని ఆ రాతను రామకోటి గారు ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకు చదివి వినిపిస్తారు.

ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు; అరువు తెచ్చుకున్నది మోయడానికి బరువు, చివరికి చేటు. మాట ఎవరిదైతే పేరు వాళ్ళదే రాయాలి, మన పేరు మన కష్టం కిందే రాసుకోవాలి.