చెంగమ్మ బాతుల బండి

ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం ఆపేశావంటే నిద్దరపోయావని నేనూ ఆపేస్తా. సరేనా చిట్టీ? దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో.

అనగనగా కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో మస్తానయ్య, చెంగమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకి మూడొందల బాతులు. కోతలు అయిపోయిన వరి చేలల్లో గింజలు రాలి ఉంటాయి కదా, బురదలో నత్తలుంటాయి కదా, అవి మేపడానికి బాతుల్ని తోలుకుపోయేవాళ్ళు. ఒక చేలో మేత అయిపోతే ఇంకో చేను.

ఆ ఇంకో చేను పక్కనే ఉండదమ్మా. ఇరవై మైళ్ళు, ముప్పై మైళ్ళు. బాతు నడక నీకు తెలుసుగా, అటు ఒరిగి ఇటు ఒరిగి. అంత దూరం నడిపిస్తే పాదాలు పుళ్ళు పడతాయి. అందుకని వాళ్ళు ఒక బండి కొనుక్కున్నారు. చిన్న లారీ లాంటిది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనకంతా సామాను. అప్పటికే నలుగురి చేతులు మారిన ముసలి బండి. ఒక తలుపు నీలం రంగు, ఒక తలుపు పచ్చ రంగు.

మస్తానయ్యకి ఆ బండంటే ప్రాణం. పొద్దున్నే దానికి బొట్టు పెట్టేవాడు. శుక్రవారం నిమ్మకాయ కట్టేవాడు. ఎక్కే ముందు దాని నుదురు తట్టి, "పోదామా తల్లీ" అనేవాడు. అంత ముద్దు చేసేవాడు కానీ, దాని ఇంజను మూత ఎత్తి లోపల ఏముందో ఒక్కనాడూ చూసేవాడు కాదు. అదంతా మెకానిక్కుల పనని అతని నమ్మకం.

ఒకనాడు పొద్దున బండి కదలనంది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, ఊరుకుంటుంది. అప్పుడు మస్తానయ్య సైకిలేసుకుని పోయి, పేటలో ఉండే ఖాదర్ బాషా అనే మెకానిక్కుని పిలుచుకొచ్చాడు. ఖాదర్ బాషా మూత ఎత్తాడు. బ్యాటరీ మీద రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి, వాటి చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పూసినట్టుంది. ఆయన తీగలు ఊడదీశాడు. వేణ్ణీళ్ళు అడిగి కడిగాడు, గరుకు కాగితంతో తోమాడు, తుడిచి మళ్ళీ బిగించి కాస్త గ్రీజు రాశాడు. బండి బుర్రుమంది.

"ఇంతేనా?" అంది చెంగమ్మ. వేణ్ణీళ్ళు తెచ్చింది ఆమే కదా, పక్కనే నిలబడి అంతా చూసింది.

"ఇంతే అక్కా. బండి కూడా పశువు లాంటిదే. రోజూ ఒళ్ళు చూసుకుంటే దానికి రోగం రాదు" అన్నాడు ఖాదర్ బాషా.

ఆ మాట చెంగమ్మ మనసులో పడింది. ఆమె బాతుల్ని అట్టాగే చూసుకునేది మరి. రోజూ ఒక్కోదాన్ని ఎత్తి రెక్క కింద చూసేది, పాదం చూసేది, కన్ను చూసేది. బండిని మాత్రం ఎందుకు చూడకూడదూ అనుకుంది. సంతలో నట్టులు తిప్పే పానాల జత ఒకటి కొని, పాత గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బండికి ఆయాసం వచ్చింది. మెరక ఎక్కలేకపోయేది, నల్లటి పొగ వదిలేది. మస్తానయ్య ఇంకో నిమ్మకాయ కట్టాడు. ఆయన బాతుల వెంట పోయినప్పుడు చెంగమ్మ మూత ఎత్తింది. ఇంజను గాలి పీల్చుకునే డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి చూసి నోరు నొక్కుకుని నవ్వింది. ఏముందనుకున్నావు? బాతు ఈకలు! సన్నని నూగు ఈకలు, దుమ్ము, అన్నీ కలిసి దిండులో దూది మాదిరి కుక్కుకుపోయి ఉన్నాయి. పాపం, ముక్కు మూసేస్తే నీకైనా ఆయాసం రాదూ? అంతా దులిపి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించింది.

కానీ చివర చూసుకుంటే ఒక నట్టు మిగిలిపోయింది.

ఎక్కడిదో ఎంత వెతికినా తెలియలేదు. కొంగున ముడేసుకుంది. సాయంత్రం మస్తానయ్య బండి తీస్తే మెరక జమ్మున ఎక్కింది. ఆయన నిమ్మకాయకి దణ్ణం పెట్టుకున్నాడు. ఇంతలో లోపల ఏదో గలగలమంది, ఠంగుమంది, ఆ డబ్బా మూత ఊడి రోడ్డు మీద దొర్లుకుంటా పోయింది. చెంగమ్మ కొంగు విప్పి నట్టు చూపించింది.

మస్తానయ్యకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "తెలిసీ తెలియక బండి ప్రాణం తీస్తావా ఏంది? ఇంకోసారి దాని మూత ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. పానాల మూట లాక్కుని తన దగ్గరే పెట్టుకున్నాడు.

 ఆ రాత్రి చెంగమ్మ అన్నం సరిగ్గా తినలేదు. తప్పు తనదే కదా. తప్పు చేసినవాళ్ళని ఎవరైనా తిడితే అంత బాధ ఉండదు చిట్టీ. ఇంక నీకు చేతకాదని తేల్చేస్తే, అదీ బాధ.

అయినా ఆమె కళ్ళు ఊరుకోవుగా. ఒకరోజు మస్తానయ్య నీళ్ళు పోయడానికి మూత ఎత్తితే వెనక నిలబడి చూసింది. ఇంజను కాగిపోకుండా నీళ్ళు తిప్పే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతి దగ్గర రబ్బరు ఉబ్బి, సన్నగా పగులు తేలి ఉంది.

"ఏమయ్యా, ఆ గొట్టం బాగాలేదు. ఖాదర్ బాషాకి చూపిద్దాం" అంది.

"నీకెందుకు? నడుస్తా ఉందిగా" అన్నాడు మస్తానయ్య. మూత దభీమని వేసేశాడు.

అప్పుడు ఎండాకాలం ముదిరింది. ఊరి చుట్టుపక్కల మేత అయిపోయింది. ముప్పై మైళ్ళ అవతల ఒక చెరువు కింద చేలు కోశారని కబురొచ్చింది. చల్లపొద్దునే బయల్దేరాల్సింది. కానీ ఆ రోజు బాతులు చిక్కలేదు. ఇటు పట్టుకుంటే అటు జారాయి. చివరికి అన్నిటినీ వెదురు గంపల్లోకి ఎక్కించి, గంపల్ని పాత సైకిలు ట్యూబులతో బండికి కట్టేసరికి పొద్దు బాగా పైకొచ్చింది.

సగం దూరం పోయారో లేదో, చుట్టూ చవుడు నేల. చెట్టు లేదు, గుట్ట లేదు. అక్కడ బండి ముందు నించి బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. మస్తానయ్య బండి ఆపేశాడు. మూత ఎత్తి చూస్తే ఆ గొట్టమే. మూతి చీలిపోయి, నీళ్ళన్నీ రోడ్డు మీద కారిపోయాయి.

మస్తానయ్య రోడ్డుకి అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక్క బండి రాలేదు. వెనక గంపల్లో బాతులు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. బాతుకి చెమట పట్టదమ్మా, నోరు తెరిచి రొప్పడమే. ఇంకో గంట ఆ ఎండలో అట్టాగే ఉంటే ఒక్కటీ మిగలదు.

అప్పుడు మస్తానయ్య సీటు పక్క నించి పానాల మూట తీశాడు. పెళ్ళాం ముందు పెట్టాడు. 

"చెంగమ్మా, నువ్వు చూడవే" అన్నాడు.

చెంగమ్మకి ఆనాడు కొంగున ముడేసుకున్న నట్టు గుర్తొచ్చింది. కానీ బాతుల రొప్పు వినపడుతుంటే భయపడటానికి తీరికెక్కడిది? "ముందు గంపలు దించి బండి నీడన పెట్టు. ఇంజను చల్లారేదాకా ఎవురం దాన్ని ముట్టుకోకూడదు, ఆవిరి మొహాన కొడతది" అంది.

వాళ్ళ దగ్గర రెండు చిన్న డబ్బాల నీళ్ళున్నాయి. మస్తానయ్య ఒక డబ్బా ఎత్తి బాతుల వైపు నడిచాడు. చెంగమ్మ అడ్డం పడింది.

"ఆ నీళ్ళు బండికి కావాల."

"ఇయ్యి చచ్చిపోతే బండెందుకే?"

"బండి కదలకపోతే ఇయ్యి యాడ బతుకుతాయి? మూడొందలకి ఒక్కో గుక్క కూడా రాదు."

మస్తానయ్య డబ్బా కింద పెట్టాడు. తువ్వాలు మూల తడిపి, ఒక్కో బాతు ముక్కు దగ్గరా అద్దుకుంటా పోయాడు.

ఇంజను చల్లారాక చెంగమ్మ పనికి దిగింది. మొదట చీర అంచు చింపి, గొట్టం చీలిక మీద గట్టిగా చుట్టి కట్టింది. డబ్బా ఎత్తి నీళ్ళు పోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే కిందకి కారిపోయాయి. సగం డబ్బా నేల తాగేసింది. నీళ్ళ చప్పుడు విని బాతులన్నీ ఒక్కసారే అరిచాయి. ఆ అరుపు చెంగమ్మ గుండెల్లో గుచ్చుకుంది.

రెండోసారి గంపలకి కట్టిన సైకిలు ట్యూబు విప్పి, దాన్ని సాగదీసి చుట్టింది. ఈసారి బుద్ధొచ్చింది, డబ్బా ఎత్తలేదు, చెంబుతో కొంచెమే పోసింది. కారలేదు. ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఇంకో రెండు చెంబులు పోసి ఇంజను తిప్పారు. అంతే, ట్యూబు పక్కకి జారి నీళ్ళు చిమ్మాయి. ఆపేశారు.

చెంగమ్మ రోడ్డు మీదే కూలబడింది. కన్నీళ్ళు తుడుచుకుంది. చింపిన చీర అంచు ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఇంట్లో చీర అంచు చిరిగితే ఏం చేస్తాం? అతుకు మీద అతుకు కుట్టుకుంటా కూర్చుంటామా? ఆ ముక్క కత్తిరించేసి, బాగున్న చోట నించి మడిచి కుట్టుకుంటాం.

అప్పుడు ఆమె లేచింది. గొట్టాన్ని బిగించి పట్టుకునే క్లిప్పు వదులు చేసి గొట్టం మొత్తం ఊడదీసింది. చీలింది మూతి దగ్గర నాలుగు వేళ్ళ మేర మాత్రమే. మిగతా రబ్బరు గట్టిగానే ఉంది.

"కత్తి ఇయ్యి" అంది.

"కోసేస్తే మళ్ళీ అతకదే!" అన్నాడు మస్తానయ్య.

"తెలుసు" అంది చెంగమ్మ.

కోసేసింది. గొట్టం పొట్టిదైంది. సరిపోతుందో లేదో అని మస్తానయ్య వంగి చూశాడు. ఆమె గొట్టాన్ని లాగి, వంచి, చెంబెడు నీళ్ళతో తడిపి లోపలిదాకా తోసింది. క్లిప్పు బిగించింది. పానా చేతిలో జారి వేలు చెక్కుకుపోయింది. అయినా ఆగలేదు. చెంబుతో పోసింది. కారలేదు. ఇంజను తిప్పారు. కారలేదు. వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది.

మిగిలింది ముప్పాతిక డబ్బా. మస్తానయ్య ఒకసారి బాతుల వైపు చూశాడు. "పొయ్యి. అంతా బండికే పొయ్యి" అన్నాడు. పోసి, గంపలు మళ్ళీ బండికెక్కించారు.

ఆ నీళ్ళు బండి నిండడానికి చాలవు. అందుకని చెంగమ్మ, "మెల్లగా పో. నేను చెప్పినప్పుడల్లా ఆపు" అంది. మూడుసార్లు ఆపించింది. ఆపినప్పుడల్లా దిగి గొట్టం చూసింది, ఇంజను చల్లారనిచ్చింది. మూడోసారి ఆగిన చోట ఒక గుడిసె ఉంది. ఆ ఇంటామె ఏమీ అడక్కుండానే రెండు కడవల నీళ్ళు మోసుకొచ్చింది. ఒకటి బండికి పోశారు, ఒకటి బాతుల మీద చల్లారు.

పొద్దు వాలుతుండగా చెరువు కింద చేలు కనపడ్డాయి. గంపలు దించి మూతలు తీశారు. బాతులు నడవలేదమ్మా, పరిగెత్తాయి. తడబడుకుంటా, ఒకదాని మీద ఒకటి పడతా నీళ్ళలోకి దూకాయి. తలలు ముంచి ముంచి తాగాయి. చెరువంతా రెక్కల చప్పుడే.

గంపల అడుగున ఏడు బాతులు మాత్రం లేవలేదు. చెంగమ్మ వాటిని ఒక్కోటీ చేతుల్లోకి తీసుకుని చూసింది. మస్తానయ్య గట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

"నువ్వు గొట్టం బాగాలేదన్నావు. నేను వినలా" అన్నాడు.

"నేనూ నట్టు దాచా కదయ్యా" అంది చెంగమ్మ.  ఆయన పక్కనే కూర్చుంది. మస్తానయ్య ఆమె చెక్కుకుపోయిన వేలిని కడిగి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు.

మర్నాడు తెల్లారింది. చెంగమ్మ నిద్దర లేచేసరికి పక్కన మొగుడు లేడు. చూస్తే బండి దగ్గర ఉన్నాడు. మూత ఎత్తి పెట్టి ఉంది. పానాలన్నీ గుడ్డ మీద వరసగా పరిచాడు. ముందు గొంతుక్కూర్చుని, బడికి కొత్తగా పోయిన పిలగాడి మాదిరి చూస్తున్నాడు.

"యాడ మొదలెట్టాల?" అన్నాడు.

చెంగమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గొట్టం దగ్గరికి తీసుకుపోయింది. "ముందు వేడి లేదని చూసుకో. ఆ తర్వాత మెల్లగా నొక్కు. మెత్తగా ఉబ్బిందా, పగులుందా, వేలికి తెలుస్తది" అంది.

మస్తానయ్య నొక్కాడు. గుడ్డు ఉందో లేదో అని బాతు పొట్ట ఎంత నెమ్మదిగా తడుముతాడో, అంత నెమ్మదిగా.

ఊఁ అనవేం? నిద్దరొచ్చిందా నా తల్లికి?

బాతులు పోయె నీళ్ళలోకి,
బండి పోయె నీడలోకి,
కథ పోయె కంచి దారిలోకి,
మనం పోదాం నిద్దరలోకి.