ఐదు ముక్కల బోర్డు

నలభై ఏళ్లు ఒకే పార్టీ ఏలిన దేశంలో చివరికి ఆ పార్టీ కూలిపోయింది. దాని నాయకులే ఐదు కొత్త పార్టీలు పెట్టుకుని, ఎన్నికల్లో ఒకరినొకరు దొంగలని తిట్టుకున్నారు. ఎవరికీ మెజారిటీ రాలేదు. మర్నాడే ఐదుగురూ కౌగిలించుకుని కూటమి కట్టారు. ఎవరు దొంగో ఎవరికీ గుర్తులేదు.

"మా ఐదు బోర్డులూ కలిపి ఒకే బోర్డు చెయ్యి. రేపు ప్రమాణస్వీకారానికి అందకపోతే నీకు జైలే," అని వడ్రంగి సింగన్నను బెదిరించాడు కూటమి పెద్ద.

సింగన్న ఐదు చెక్కల మీదా పై రంగు గీకేసి, అంచులు కలిపి మేకులు కొట్టాడు.

మర్నాడు జనం ముందు తెర తీస్తే, బోర్డు మీద పాత పార్టీ పేరు ఒక్క అక్షరం చెరగకుండా ఉంది.

"ఇది ఎవడు రాయమన్నాడ్రా?" అన్నాడు పెద్ద.

"నేనేమీ రాయలేదు దొరా. పాత ఆఫీసు బోర్డును ఐదు ముక్కలుగా కోయించి, తలొకటి పట్టుకుపోయింది తమరైదుగురే. కలపమన్నదీ తమరే. జైలుకి పంపితే పంపండి. నా నేరమేమిటో మాత్రం ఈ జనానికి తమరే చెప్పాలి."

పెద్ద జనం వైపు తిరిగాడు. బోర్డు చూసిన ముసలివాళ్లు పాత భయం కొద్దీ అప్పటికే తలపాగాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డారు.