చిటికా చప్పటా చెప్పిన చిలుక

అనగనగా ఏడు సముద్రాల అవతల శంఖద్వీపం. దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాణి హేమలేఖ తెలుగు నేల ఆడపడుచు. పిల్లల నోట తన భాష ఎక్కడ జారిపోతుందోనని ఆమెకు ఒకటే బెంగ. అందుకే పద్యం చెబితేగాని పెరుగన్నం పెట్టేది కాదు. లఘువుకు చిటిక, గురువుకు చప్పట.

"ఈ దీవిలో ఎవరు వింటారమ్మా!" అని పెద్దవాళ్లిద్దరూ లేచి పారిపోయేవారు. చిన్నవాడు సుచంద్రుడు మాత్రం కూర్చునేవాడు.

"యతి మరిచావు నాన్నా! బయల్దేరినవాడు దారిలో చుట్టాన్ని పలకరించాలా వద్దా? పాదం మొదటి అక్షరమూ అంతే. నాలుగో గణం దగ్గర దాని చుట్టం కనబడాలి," అనేది రాణి.

ఇలా ఉండగా రాణిగారి మేనకోడలు మందారవల్లిని కరాళకేతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. సుచంద్రుడు ఓ తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

"బాబూ, మాంత్రికుడి ప్రాణం ఓ చిలుక నోటి పద్యంలో ఉంది," అంది తాబేలు. "తప్పున్న పద్యంలో ప్రాణం నిలవదు. తప్పు చిలుకను ముట్టుకున్నావో, నువ్వూ రాయివే. మీ పెద్దన్న రంగు చూశాడు, చిన్నన్న గొంతు విన్నాడు."

మాంత్రికుడి కోటలో మూడు చిలుకలు. బంగారు చిలుక పాడింది:

"చిలుక గొంతులోపల చిక్కిన ప్రాణమ్ము
పలుకు తీరు తెలిసి పట్టవలయు."

సుచంద్రుడు చిటికలు వేశాడు. "లోపల" దగ్గర ఒక చిటిక ఎక్కువైంది. వదిలేశాడు.

తేనెగొంతు చిలుక పాడింది:

"చిలుక గొంతులోన చిక్కిన ప్రాణమ్ము
పలుకు తీరు తెలిసి చేతబట్టు."

చప్పట్లన్నీ సరిపోయాయి. చెయ్యి చాచబోయాడు.

"పట్టుకో బాబూ, ఆలస్యమెందుకు?" అని పక్కనే నిలబడ్డ మాంత్రికుడు నవ్వాడు.

అమ్మ మాట గుర్తొచ్చి రాకుమారుడి చెయ్యి ఆగింది. 'ప'తో బయల్దేరిన పాదం దారిలో 'చే'ను పలకరించింది. చుట్టమెక్కడ?

మూడోది ఈకలూడిన బొంగురు చిలుక.

"చిలుక గొంతులోన చిక్కిన ప్రాణమ్ము
పలుకు తీరు తెలిసి పట్టవలయు."

'చి'కి 'చి', 'ప'కి 'ప'. సుచంద్రుడు దాని ముక్కు మూసి పట్టుకున్నాడు. పద్యం ఆగింది, మాంత్రికుడూ ఆగాడు. రాళ్లు అన్నలయ్యారు, మందారవల్లి చెర వీడింది.

మరదలితో ఇల్లు చేరాక కథంతా విని రాణి, "ఏదీ, చిటికలేసి చూపించు," అంది. చూపించాడు. ఒక్కటీ తప్పలేదు. నిండు సభలో ఆమె తల ఎత్తుకు నిలబడింది.

సుచంద్రుడు మందారవల్లిని పెళ్లాడి చిరకాలం ఏలాడు. పెళ్లి విందులో అన్నలిద్దరూ పెరుగన్నం ముట్టకుండా కూర్చున్నారు.

"ఏం నాయనా, తినరేం?" అంది తల్లి.

"ముందు పద్యం చెప్పించమ్మా," అన్నారు.