ఒకే పోలిక చేను

ఓబులేశు పరుగున వచ్చి సిద్ధమ్మ కుటీరం ముందు నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు.

"అమ్మా, కంది చేను ఎండిపోతోంది. నిన్న ఓ మూల కనబడింది. తెల్లారేసరికి సగానికి పాకింది."

ఆశ్రమం చేలో పండిన కందులే నల్లమల అంచు ఊళ్లన్నిటికీ విత్తనం. ఈ పంట పోతే వచ్చే తొలకరికి వాళ్లకు విత్తడానికేమీ ఉండదు. ఆ చేనును సిద్ధమ్మ తన శిష్యుల్లో ఓబులేశుకే అప్పగించింది.

అతను దాన్ని తపస్సులా చేశాడు. మొదట్లో అక్కడ ఎర్రవి, తెల్లవి, నల్లవి, మచ్చలవి, అన్ని కందులూ కలిసి పెరిగేవి. వాటిలో విరగకాసిన మొక్కను ఒకదాన్ని ఎంచుకున్నాడు. తేనెటీగలు వేరే పుప్పొడి తేకుండా దాని పూతకు పల్చటి గుడ్డ కట్టాడు. ఏటా దాని సంతతినే విత్తాడు. తేడాగా మొలిచినదాన్నల్లా పీకేశాడు. ఇప్పుడు చేనంతా ఒకే ఎత్తు, ఒకే గింజ. చూడవచ్చినవాళ్లతో "అన్నీ ఒక్క తల్లి బిడ్డలే" అని గర్వంగా చెప్పుకునేవాడు.

సిద్ధమ్మ అతని వెంట చేనికి వచ్చింది. నేల తడిగానే ఉంది. మొక్కలు మాత్రం తలలు వేలేశాయి. ఓబులేశు ఒకదాన్ని పీకి కాండం చీల్చాడు. లోపల నల్లటి చార.

"మందు చెప్పండమ్మా! ఏం చేయమన్నా చేస్తాను."

"వేరేగా ఉన్న మొక్కను ఒక్కదాన్ని వెతుకు. పొట్టిదైనా సరే, వంకరదైనా సరే."

ఆమె గట్టు మీద కూర్చుంది. అతను సాలు వెంట సాలు వెతికాడు. ఎండ ముదిరింది. పొద్దున నిటారుగా ఉన్నవి కూడా అతని కళ్ల ముందే వాడిపోతున్నాయి. పచ్చగా కనబడినదాన్ని ఆశగా చీల్చాడు. అందులోనూ అదే చార. కంచె దాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి వెతికాడు.

పొద్దు వాలుతుండగా వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

"ఒక్కటీ లేదమ్మా. అన్నీ ఒకటే."

"పొద్దున మందు అడిగావు. ఇప్పుడు రోగం పేరు చెప్పావు."

సిద్ధమ్మ తన జోలె తీసి అతని భుజాన వేసింది.

అతను లేచి కొండ మీది గూడెం దారి పట్టాడు. అక్కడివాళ్లు ఆశ్రమం విత్తనం ఎన్నడూ తీసుకోలేదు, పెద్దల నాటి కందులనే వేసుకుంటారు. వాటిని అతను కల్తీ గింజలని నవ్వేవాడు.

మొదటి గుడిసె ముందు నిలబడి, విత్తనానికి కందులు పెట్టమని అడిగాడు. ఒక ముసలామె చేట నిండా తెచ్చింది.

"మా దగ్గర అన్నీ కలిసే ఉంటాయి స్వామీ. నీకు ఏ రకం కావాలో చెప్పు, ఏరి ఇస్తాను."

ఓబులేశు రెండు చేతులా జోలె పట్టాడు.

"ఏరకుండా వెయ్యి తల్లీ."