దస్తగిరి మానేసిన మాత్ర

దస్తగిరి మాత్రలు మానేసి తొమ్మిది రోజులైంది. దర్గా మెట్ల మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడు. అయినా వినడు.

"గుండె దడ తగ్గడానికి రోజుకు రెండు. మానేస్తే ప్రాణం మీదికొస్తుంది" అని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆ మాట తలచుకుంటేనే అతనికి మంట.

"ఆవిడకేం తెలుసు బాబా!" అన్నాడు గురువు ఫక్రుద్దీన్ బాబాతో. "జపంలో కూర్చుంటే నా గుండె గుర్రంలా పరిగెత్తేది. దేవుడే లోపలికొచ్చి నాతో మాట్లాడుతున్నట్టుండేది. ఎంత తియ్యగా ఉండేదో! ఆ మాత్ర మింగితే అంతా నిశ్శబ్దం. దేవుడి నోరు మూయించే మందు నాకెందుకు? మీరు కూడా వేసుకోమనే అంటారా?"

బాబా నెమలీకల కట్ట తీసుకుని వాకిట్లోకి నడిచాడు. "వచ్చి పక్కన కూర్చో" అన్నాడు.

ఆ రోజు గురువారం. కష్టం చెప్పుకోవడానికి జనం వరస కట్టారు. ఏ గురువారమైనా బాబా ఒక్కొక్కరి మాట చివరిదాకా విని, ఆ తర్వాతే తల మీద నెమలీకలు ఆనించేవాడు.

ముందు ఒక ముసలమ్మ. "సామీ, మా మనవరాలు..."

నెమలీకలు తలకు తగిలాయి. "సరే, పో. తర్వాతెవరు?"

"బాబా, మా నాయిన..."

"సరే. తర్వాత!"

"నాకు..."

"తర్వాత!"

పది మంది పోయారు. ఒక్కరి మాటా పూర్తి కాలేదు. "దీనికంటే బస్సు కండక్టరు నయం. దిగే ఊరి పేరైనా చెప్పనిస్తాడు" అని వెనకెవరో గొణిగారు. ముసలమ్మ గేటు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

దస్తగిరి ఇక పట్టలేకపోయాడు. లేచి బాబా చేతిలోంచి నెమలీకలు లాక్కున్నాడు. శిష్యుడు ఎన్నడూ చేయకూడని పని అది.

"ఇదేం అన్యాయం బాబా! ఆ ముసలమ్మ ఎంత దూరం నడిచొచ్చిందో! నోరు తెరిచీ తెరవకముందే తోసేస్తారా? ఈ తొందరలో మీరు ఎవరి మాట విన్నారు?"

బాబా అతని ఛాతీ మీద అరచెయ్యి పెట్టాడు. లోపల గుండె ఆ చేతిని తంతోంది.

"ఇది నాకంటే తొందరలో ఉందిరా. దేవుడు మాట్లాడాడన్నావే, ఏం చెప్పాడు?"

దస్తగిరి నోరు తెరిచాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

లోపలికెళ్లి మాత్ర వేసుకుని, నీళ్లు తాగొచ్చాడు. గేటు దాకా నడిచి, ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బాబా ముందు కూర్చోబెట్టాడు.

బాబా ఆమె వైపు వంగాడు.

"మొదట్నుంచి చెప్పవ్వా. తొందరేం లేదు."