ప్లగ్గు కన్నంలో నూనె

ఉద్దానం జీడితోటల మధ్య ఒక ఊళ్లో దాలినాయుడనే మెకానిక్ ఉండేవాడు, చేతిలో పనితనం ఎంతో నోట్లో అబద్ధమూ అంతే. చెట్లు కోసే పాత రంపం మిషన్లు కొని, తుడిచి, రంగేసి అమ్మేవాడు.

ఒకసారి మిషను కొనడానికి గురువులు అనే అతను వచ్చాడు. అతనిది చెట్లు కోసే పని. ఆ పక్కల పాత మిషను కొనేవాళ్లకు ఒక అలవాటు ఉంది. స్టార్టు చేసే తాడు పిడి పట్టుకుని మిషనును గాల్లో వేలాడదీస్తారు. ఇంజను లోపల బిగువు ఉంటే అది ఆగి ఆగి కిందికి దిగుతుంది. అరిగిపోయినదైతే జర్రున జారిపోతుంది.

దాలినాయుడి దగ్గరున్నది బాగా అరిగిపోయిన మిషను. అందుకే గురువులు రాకముందే ఇంజను ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో కాస్త ఇంజనాయిలు పోసి మళ్లీ బిగించాడు. నూనె ఉన్నంతసేపూ లోపలి సందులు మూసుకుంటాయి. చచ్చిన ఇంజను కూడా బతికినట్టే కనిపిస్తుంది.

గురువులు తాడు పట్టుకుని వేలాడదీశాడు. మిషను కొత్తకోడలిలా నెమ్మదిగా దిగింది.

"గట్టిగానే ఉంది బావా," అన్నాడు సంబరంగా.

"నీకు సెడ్డది ఇత్తానేటి? నా ఇంటి మనిషివి!" అన్నాడు దాలినాయుడు.

గురువులు మిషను కొనుక్కెళ్లిన ఆ నెలలోనే తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి పెరటి పనసచెట్టు దాలినాయుడి వంటింటి మీద కూలి ఉంది. లోపల అతని భార్య రవణమ్మ, దూలం కింద ఇరుక్కుపోయి మూలుగుతోంది. దూలం మీద పనసమాను. మిషన్లన్నీ ఉన్న కొట్టు చూస్తే వరదనీళ్లలో మునిగిపోయింది. దాలినాయుడు ఒట్టి చేతులతోనే మానును నెట్టసాగాడు.

అంతలో గురువులు రంపం మిషనుతో పరుగెత్తుకొచ్చాడు. తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ఇంజను అంటుకోలేదు. అప్పుడు చూశాడు దాలినాయుడు ఆ మిషనును. తను అమ్మినదే అది.

"కొన్నకాడి నుంచీ మొరాయిస్తానే ఉంది బావా. నీకు సెడ్డపేరని ఎవులికీ సెప్పలేదు," అన్నాడు గురువులు రొప్పుతూ.

లోపల మూలుగు సన్నబడింది. దాలినాయుడు పిచ్చివాడిలా అరిచాడు.

"ప్లగ్గు ఇప్పు! కన్నంలో నూనె పొయ్యి! కాసేపు నడుత్తాది!"

గురువులు తాడు పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది.

"ఇది అరిగిపోయిందని నీకెలాగ తెలుసు బావా?"

"నువ్వు కొన్న రోజు నానే నూనె పోసాను," అన్నాడు దాలినాయుడు, తల ఎత్తలేక.

గురువులు ప్లగ్గు విప్పి నూనె పోశాడు. మిషను తెల్లటి పొగ కక్కుతూ లేచింది. మాను తెగేదాకా నడిచి, ఆ తరవాత ఇక లేవలేదు.

రవణమ్మ ప్రాణం దక్కింది. కాలు మాత్రం దక్కలేదు. ఇంకాస్త ముందు బయటికి తీసి ఉంటే అదీ నిలిచేదని డాక్టరు చెప్పినప్పుడు, దాలినాయుడు ఆస్పత్రి వరండాలో కూలబడి అందరి ముందూ భోరుమన్నాడు.

నమ్మినవాడికి అంటగట్టిన మోసం, మన ప్రాణం మీదికి వచ్చిన రోజునే మన గడప తొక్కుతుంది.